బండి తాళాలు ఎప్పుడు అప్పగించాలి?
వృద్ధుల వాహన చోదనకు వయోపరిమితి అవసరమా? – ఒక వైద్యుని ఆలోచన

కిందటి శ్రావణ మాసంలో ఒక ఉదయం నంబులపూలకుంటలోని మా వైద్యశాలకు తండ్రీకొడుకులిద్దరు వచ్చారు. తండ్రి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. వయస్సు 74 సంవత్సరాలు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. రోగి ఎవరని అడిగితే కొడుకు తండ్రిని చూపించాడు. తండ్రి మాత్రం, "నాకే జబ్బూ లేదు సామీ, వీడే పిలుచుకొచ్చినాడు" అన్నాడు.

విషయం స్కూటరు గురించి.

"మా నాయనకు మీరన్నా చెప్పండి సామీ. ఈ వయసులో బండి తోలొద్దంటే వినడు. కదిరి నుంచి రాత్రిపూట ఒక్కడే వస్తాడు. డెబ్బై దాటినోళ్లకు లైసెన్సు ఇచ్చేది లేదని గవర్నమెంటు ఒక రూలు పెడితే మా బాధ తీరిపోతుంది" అన్నాడు కొడుకు.

తండ్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నలభై ఏండ్లుగా తోలుతుండాను. ఒకరిని గుద్దింది లేదు, ఒకరితో మాట పడింది లేదు. వీడు నెలకొకసారి వచ్చి పోతాడు. నేను బండి దిగితే బ్యాంకుకు, మందులకు, పెండ్లికీ పేరంటానికీ నన్ను ఎవరు తీసకపోతారు? మీరే చెప్పండి సామీ, నాది బండి తోలే వయసా, కాదా?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కొడుకుది భయం, తండ్రిది ఆత్మగౌరవం. కాని ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. నలభై సంవత్సరాలకు పైబడిన వైద్య వృత్తిలో నేను గ్రహించినది ఒక్కటే. ఎంత వయస్సు వచ్చిందని అడిగితే వైద్యుడికి తెలిసేది తక్కువ. కన్ను ఎలా ఉంది, చెవి ఎలా ఉంది, మెడ తిరుగుతున్నదా, మనస్సు నిలుస్తున్నదా అని అడిగితే తెలిసేది ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ విషయాన్నే పాఠకులకు విన్నవించదలచాను.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో వాహనం నడపడానికి కనీస వయస్సు ఉన్నది గాని, గరిష్ఠ వయస్సు లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 18 ఏళ్లు నిండనివారికి గేర్లున్న మోటారు సైకిలు గాని, కారు గాని నడిపే అధికారం ఇవ్వలేదు. ఫలానా వయస్సు తరువాత నడపరాదని మాత్రం ఎక్కడా చెప్పలేదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం 55 ఏళ్లు దాటినవారికి సొంత వాహనాల లైసెన్సును 5 సంవత్సరాలకొకసారి పునరుద్ధరిస్తారు. 40 ఏళ్లు దాటినవారు ఫారం 1-ఎ అనే వైద్య ధ్రువపత్రాన్ని దరఖాస్తుకు జత చేయాలి. దరఖాస్తుదారు తన ఆరోగ్యాన్ని గురించి తానే ఇచ్చే ప్రకటన పత్రం వేరే ఉన్నది. మూర్ఛ గాని, అకస్మాత్తుగా కళ్లు తిరగడం గాని ఉన్నదా, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు పలకను పగటి వెలుతురులో చదవగలరా, రేచీకటి ఉన్నదా, ఎరుపు ఆకుపచ్చ రంగులను గుర్తించగలరా, హారన్ శబ్దం వినబడుతున్నదా అని అందులో అడుగుతారు.

ఈ ప్రశ్నలు మంచివే. లోపం ప్రశ్నల్లో లేదు, వాటికి జవాబు రాసే తీరులో ఉన్నది. చాలామంది ఆ కాగితాన్ని వేరొకరి చేత నింపించి, చదవకుండానే సంతకం చేస్తారు. పైగా 65వ ఏట బాగున్న కన్ను 68వ ఏట బాగుండాలని లేదు. 5 సంవత్సరాలు అన్నది వృద్ధుని శరీరానికి చాలా దీర్ఘకాలం.

శాస్త్రం ఏమంటున్నది?

ముసలితనం ఎప్పుడు మొదలవుతుందని మన ఆచార్యులను అడిగితే ఒకే మాట రాదు. చరక సంహిత 60 ఏళ్ల వరకు మధ్య వయస్సు అని, ఆ తరువాతిది జీర్ణావస్థ అని చెప్పింది. సుశ్రుత సంహిత మధ్య వయస్సును 70 వరకు పొడిగించింది. ఇద్దరు మహర్షుల మధ్యనే పదేళ్ల తేడా ఉన్నప్పుడు, ఒక్క అంకెతో గీత గీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

శార్ఙ్గధరాచార్యుడు ఇంకొక రీతిలో చెప్పాడు. మనిషి ఆయుర్దాయంలో పదేళ్లకొకటి చొప్పున ఒక్కొక్క గుణం తగ్గుతూ వస్తుందని ఆయన లెక్క. అందులో ఆరవ దశకంలో తగ్గేది దృష్టి. బుద్ధి, కర్మేంద్రియాల బలం చాలా ఆలస్యంగా, ఎనభై నుంచి నూరేళ్ల మధ్య తగ్గుతాయట. ఈ లెక్కను అక్షరాలా తీసుకోనక్కరలేదు. కాని ఇందులోని సూక్ష్మాన్ని గ్రహించాలి. శరీరమంతా ఒకేసారి ముసలిదికాదు. బుద్ధి చురుకుగా ఉన్న మనిషికి కన్ను ముందే మసకబారవచ్చు. బుద్ధి బాగున్నది గనుక అన్నీ బాగున్నాయని ఆ మనిషి నమ్ముతాడు. ప్రమాదం అక్కడే ఉన్నది.

చరకుడు రోగిని పరీక్షించడానికి పది అంశాలు చెప్పాడు. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహార శక్తి, వ్యాయామ శక్తి, చివర వయస్సు. పదింటిలో వయస్సు ఒకటి మాత్రమే, అదీ పదవది. తక్కిన తొమ్మిదింటిని వదలి, పదవదానితోనే తీర్పు చెప్పే వైద్యుని మనం మంచి వైద్యుడు అనము.

అన్య దేశాల అనుభవం

జనాభాలో వృద్ధుల నిష్పత్తి చాలా ఎక్కువగా ఉన్న జపాను దేశంలో కూడా వయోపరిమితి లేదు. 70 దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు ముందు ప్రత్యేక శిక్షణ తరగతికి హాజరు కావాలి. 75 దాటినవారికి జ్ఞాపకశక్తి పరీక్ష ఉన్నది. ఆ వయస్సులో కొన్ని రకాల ట్రాఫిక్ ఉల్లంఘనలు చేసినవారు 2022 నుంచి బండి నడిపి చూపించే పరీక్షలో కూడా నెగ్గాలి. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో 87 ఏళ్ల వృద్ధుడు నడుపుతున్న కారు అదుపు తప్పి ఒక తల్లీ, ఆమె మూడేళ్ల కూతురూ మరణించారు. బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కాడని న్యాయస్థానం నిర్ధారించి 2021లో అతనికి 5 ఏళ్ల జైలుశిక్ష విధించింది. ఆ దుర్ఘటన జరిగిన 2019లోనే ఆ దేశంలో సుమారు 6 లక్షల మంది స్వచ్ఛందంగా లైసెన్సులు అప్పగించారు. వారిలో అత్యధికులు వృద్ధులే.

దీనికి రెండవ పార్శ్వం కూడా ఉన్నది. ఫిన్లాండులో 70 ఏళ్లు దాటినవారికి తరచుగా వైద్య పరీక్ష తప్పనిసరిగా ఉండేది. పక్కనే ఉన్న స్వీడనులో ఆ నియమం లేదు. 1990లలో ఈ రెండు దేశాలను పోల్చి చూసినప్పుడు, ఫిన్లాండులో వృద్ధ చోదకుల ప్రమాదాలు తక్కువగా కనిపించలేదు. పైగా కారు లేక కాలినడకన రోడ్డెక్కి ప్రాణాలు కోల్పోయిన వృద్ధులు అక్కడే ఎక్కువ. బండి దింపినంత మాత్రాన పెద్దవాళ్లు ఇంట్లో కూర్చోరు. నడిచి వెళ్తారు. మన ఊళ్లలో కాలిబాట లేని రోడ్డు అంచున నడిచే ముసలి మనిషి, స్కూటరు మీద వెళ్లే ముసలి మనిషి కంటే క్షేమంగా ఉన్నాడని చెప్పలేము.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారు. రోడ్డు మీది మృత్యువుకు వృద్ధులను మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు. అయితే ఒక్క మాట మరువరాదు. అదే దెబ్బ ఇరవై ఏళ్లవానికి నెల రోజుల మంచం అయితే, డెబ్భై ఏళ్లవానికి తుంటి ఎముక విరిగి ఆయుష్షునే హరించవచ్చు.

ప్రయాణికులను చేరవేసే బస్సుల సంగతి వేరు. యాభై ప్రాణాలు ఒక్కరి చేతిలో ఉన్నప్పుడు కొంత కఠినమైన గీత ఉండటం సమంజసమే. కాని ఆ గీత కూడా శాశ్వతం కాదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ సిబ్బంది పదవీ విరమణ వయస్సును 58 నుంచి 60కి పెంచారు. ఆ ఉత్తర్వుతో డ్రైవర్ల కళ్లు రెండేళ్లు చిన్నవి కాలేదు గదా! అక్కడ కూడా భద్రతను కాపాడేది అంకె కాదు, క్రమం తప్పని పరీక్షే.

శరీరంలో ఏమి మారుతుంది?

కన్ను: 20 ఏళ్ల కంటిపొరకు అందే వెలుతురులో 60 ఏళ్ల కంటికి సుమారు మూడో వంతే అందుతుంది. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు పచ్చగా మారుతుంది. పగటిపూట ఈ తేడా తెలియదు. రాత్రి ఎదురు బండి దీపం పడినప్పుడు కొద్ది క్షణాలు కళ్లు కమ్ముతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోతుంది. మూడు సెకన్లు చూపు లేకపోతే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్లే. నీటికాసుల వంటి వ్యాధిలో చూపు అంచుల నుంచి తరుగుతుంది గనుక, పక్క సందులోంచి వచ్చే బాలుడు కనబడడు.

చెవి: వెనుక నుంచి వచ్చే లారీ హారన్ వినబడినా, అది ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియకపోవడం వార్ధక్యంలో కనిపించే ఒక లక్షణం.

మెడ, కీళ్లు: వృద్ధాప్యం వాతప్రధానం. మెడ బిగుసుకుంటుంది, మోకాలు వంగదు, పాదం స్పర్శ మందగిస్తుంది. మధుమేహం ఉన్నవారికి పాదం బ్రేకు మీద ఉన్నదో లేదో తెలియనంత తిమ్మిరి రావచ్చు.

మనస్సు: ఒక పని చేస్తూ మరొక పనిని గమనించే శక్తి తగ్గుతుంది. తెలిసిన దారిలో తికమక పడటం, కుడి ఎడమలు మారిపోవడం, చిన్న విషయానికి రోడ్డు మీద కోపం రావడం హెచ్చరికలుగా తీసుకోవాలి.

మందులు: దీనిని చాలామంది పట్టించుకోరు. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు మగత కలిగిస్తాయి. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహ మాత్రలు గాని వాడి భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. మన మందులు కూడా ఇందుకు మినహాయింపు కావు. సర్పగంధ రక్తపోటును తగ్గించి మగతను తెస్తుంది. జటామాంసి, తగర నిద్రను కలిగిస్తాయి. ఆసవాలు, అరిష్టాలలో సహజంగా పుట్టిన మద్యసారం కొంత ఉంటుంది. ఆయుర్వేద మందు గనుక ఏమీ కాదనుకొని వీటిని సేవించి బండి ఎక్కరాదు.

నాకు ఎదురైన ప్రశ్న

ఇంతవరకు చెప్పినది ఇతరులకు చెప్పే వైద్యం. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నా వయస్సు 66. నాకూ ఒక స్కూటరు ఉన్నది.

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, చీకటి పడే వేళ కదిరి నుంచి మా ఊరికి వస్తున్నాను. ఎదురుగా ఒక లారీ తెల్లని దీపాలతో వచ్చింది. నాకు రోడ్డు మొత్తం తెల్లగా అయిపోయింది. లారీ దాటిపోయాక చూస్తే నా ముందు చక్రానికి జానెడు దూరంలో మేకలను తోలుకొని పోతున్న ముసలామె నిలబడి ఉన్నది. నేను ఆమెను చూసి బ్రేకు వేయలేదు. ఒక మేక అరుపు విని వేశాను.

ఆమె నా దగ్గర మోకాళ్ల నొప్పులకు తైలం తీసుకొని వెళ్లే మనిషే. నన్ను గుర్తుపట్టి, "ఏం సామీ, కండ్లు అగపడ్లేదా?" అని అడిగింది.

అందులో కోపం లేదు. నిజంగానే అడిగింది. నా వద్ద జవాబు లేదు.

అంతకు ఎనిమిది నెలల ముందే నా లైసెన్సు పునరుద్ధరణ జరిగింది. ఆనాడు ధ్రువపత్రం మీద సంతకం చేసిన వైద్యుడు నా కళ్లలోకి చూడలేదు, కాగితాన్నే చూశాడు. నేనూ చూడమని అడగలేదు. ఆ దోషంలో సగం నాది. రోజూ పదిమంది నాలుక చాపించి చూసే నేను నా చూపును చూపించుకోలేదు.

మరునాడు కంటి వైద్యుని వద్దకు వెళ్లాను. కుడి కంటిలో శుక్లం ముదిరి ఉన్నది, ఎడమ కంటిలో మొదలైనది. త్రిఫలతో తగ్గించుకోలేదా అని కొందరు మిత్రులు అడిగారు. ముదిరిన శుక్లం ఏ చూర్ణంతోనూ కరగదు. లింగనాశానికి శస్త్రచికిత్సను వివరించినవాడు మన సుశ్రుతుడే. నేటి శస్త్రచికిత్స ఆనాటి దానికంటే ఎన్నో రెట్లు క్షేమకరం. చేయించుకున్నాను. చూపు తేటపడింది. అయినా సూర్యాస్తమయం తరువాత బండి ఎక్కడం మానేశాను.

అప్పుడు మా గురువుగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన ఇంట ఉండి చదువుకునే రోజుల్లో, వ్రణాలను కోసి చీము తీసే పని ఆయనే చేసేవారు. ఒకనాడు శస్త్రాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, ఇక నుంచి నువ్వు చెయ్యి అన్నారు. అప్పటికి ఆయన చెయ్యి వణకడం మేమెవరమూ చూడలేదు. కారణం అడిగితే, "నా చెయ్యి వణికిందని రోగి నాకు చెప్పకూడదురా, నేనే ముందు తెలుసుకోవాలి" అన్నారు. ఆ మాటను వైద్యానికే పరిమితమనుకున్నాను. ముసలామె అడిగిన నాడు గాని దాని పూర్తి అర్థం తెలియలేదు.

ఇంట్లో చేసుకోదగిన ఏడు పరీక్షలు

60 దాటిన ప్రతివారూ ఆరు నెలలకొకసారి ఈ పరీక్షలు చేసుకోవాలి. పక్కన మరొకరు ఉండటం మంచిది.

1. నిలిపి ఉంచిన బండి నుంచి 35 అంగలు నడిచి, వెనుదిరిగి నంబరు పలకను చదవండి. ఒక్కొక్క కన్ను మూసి రెండవ కంటితో కూడా చదవండి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకోవచ్చు.

2. కుర్చీలో నిటారుగా కూర్చొని, నడుము కదల్చకుండా మెడ తిప్పి కుడి భుజం మీదుగా, ఎడమ భుజం మీదుగా వెనుక ఉన్న వస్తువును చూడండి. నొప్పి గాని, తల తిరగడం గాని ఉండరాదు.

3. చేతుల ఊతం లేకుండా కుర్చీలో నుంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. చేయలేకపోతే ద్విచక్ర వాహనాన్ని కాలితో ఆపి నిలబెట్టే బలం తగ్గినట్లే.

4. మనుమని చేత బడి స్కేలును నిలువుగా పట్టించి, చెప్పకుండా వదలమనండి. మీ బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య పట్టుకోండి. ఐదుసార్లలో మూడుసార్లు జారిపోతే ప్రతిస్పందన మందగించినదని తెలుసుకోండి.

5. కళ్లు మూసుకొని కూర్చొని, ఇంటివారిని వెనుక ఏదో ఒక వైపు నిలబడి మెల్లగా చప్పట్లు కొట్టమనండి. ఏ వైపో చెప్పండి.

6. నూరు నుంచి ఏడేడు తగ్గిస్తూ ఐదుసార్లు లెక్కించండి. మొదలుపెట్టే ముందు మూడు మాటలు విని, లెక్క ముగిసిన తరువాత ఆ మూడింటినీ తిరిగి చెప్పండి.

7. బండి చుట్టూ తిరిగి చూడండి. కొత్త గీతలు, సొట్టలు ఎన్ని ఉన్నాయి? అవి ఎలా పడ్డాయో మీకు గుర్తున్నదా? గుర్తు లేకపోతే అదే జవాబు.

ఇవి రోగనిర్ణయం కావు, హెచ్చరికలు మాత్రమే. ఒక్కదానిలో తేడా కనిపించినా వైద్యుని కలవండి. చాలా లోపాలు సరిదిద్దదగినవే. కళ్లద్దాలు మార్చడం, శుక్లం తీయించడం, వినికిడి యంత్రం, మందు మార్చడం – వీటితో ఎందరో మరికొన్నేళ్లు క్షేమంగా బండి నడపగలుగుతారు.

శక్తిని నిలుపుకొనే దినచర్య

వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో మెడ, భుజాలు, మోకాళ్లకు అభ్యంగనం చేసుకొని వేడినీటి స్నానం చేయాలి. రాత్రి పడుకునేముందు అరికాళ్లకు నూనె మర్దించుకోవాలి. పాదాభ్యంగం దృష్టికి మేలు చేస్తుందని చరకుడు చెప్పాడు. పాదాల తిమ్మిరి ఉన్నవారు ఆ నెపాన రోజూ తమ పాదాలను తామే చూసుకుంటారు, అదీ లాభమే. మెడను నెమ్మదిగా ఇరువైపులా ఐదేసి సార్లు తిప్పాలి. విదిలించరాదు.

త్రిఫలా చూర్ణాన్ని నేతితో, తేనెతో రాత్రిపూట సేవించడం నేత్రబలానికి సంప్రదాయం. నెయ్యి, తేనె సమానంగా కలపరాదు. మధుమేహం ఉన్నవారు తేనె మానాలి. మునగాకు, పొన్నగంటి కూర, ఉసిరిక ఆహారంలో ఉండాలి. ఇవి కంటికి పోషణ ఇస్తాయి గాని చికిత్సకు బదులు కావు. తేనె, ఉల్లిరసం వంటివి ఎవరో చెప్పారని కళ్లలో పోసుకోకండి. అలా పోసుకొని కన్ను పాడుచేసుకొని వచ్చినవారిని నేను చూశాను.

కడుపునిండా తిని మధ్యాహ్నం రెండు గంటల ఎండలో బండి ఎక్కకండి. మధుమేహులు జేబులో ఒక బెల్లం ముక్క ఉంచుకోండి.

మానడానికి కూడా ఒక క్రమం ఉన్నది

అలవాటైన దానిని ఒక్కసారిగా విడువరాదు, పాదంపాదంగా, అంటే నాలుగో వంతు చొప్పున విడువాలని చరకుడు బోధించాడు. ఈ పద్ధతి బండికి చక్కగా సరిపోతుంది. మొదటి పాదం – రాత్రి ప్రయాణం, వర్షంలో ప్రయాణం మానడం. రెండవది – లారీలు తిరిగే పెద్ద రోడ్లను మానడం. మూడవది – మనుమలను, ఇతరులను వెనుక ఎక్కించుకోవడం మానడం. నాలుగవది – పూర్తిగా దిగిపోవడం. ఒక్కొక్క పాదానికి మధ్య నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. అయితే మూర్ఛ, తరచుగా స్పృహ తప్పడం, మతిమరుపు వ్యాధి ఉన్నవారికి ఈ క్రమం వర్తించదు. వారు వైద్యుడు అనుమతించే వరకు బండి ముట్టుకోరాదు.

బిడ్డలకు ఒక మాట. తాళాలు లాక్కోకండి, దాచిపెట్టకండి. మీ తండ్రి వారంలో ఎక్కడెక్కడికి వెళ్తున్నారో ముందు ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క ప్రయాణానికి ఎదురుగా బండి లేకుండా ఆ పని ఎలా జరుగుతుందో రాయండి. మన ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవారికి ఛార్జీలో 25 శాతం రాయితీ ఉన్నది. బస్సు లేని వేళకు తెలిసిన ఆటో ఒకటి మాట్లాడి పెట్టండి. ఆ కాగితంలో ఖాళీ గడులు మిగిలితే, మీరు అడిగేది బండిని కాదు, ఆయన కాళ్లను.

ప్రభుత్వానికి కూడా ఒక విన్నపం. ఒక వయస్సు చెప్పి అందరినీ దింపనక్కరలేదు. 70 దాటినవారికి లైసెన్సును రెండేళ్లకొకసారి పునరుద్ధరించాలి. ఆ సందర్భంలో కన్ను, చెవి, కీళ్లు, జ్ఞాపకశక్తి – ఈ నాలుగింటినీ ప్రభుత్వ ఆసుపత్రిలో నిజంగా పరీక్షించాలి. ఆ పరీక్ష ఉచితంగా ఉండాలి. సంతకం కోసం కాక, చికిత్స కోసం జరగాలి.

చివరిగా ఉపాధ్యాయుని సంగతి

ఆ ఉదయం ఆయనను పరీక్షించాను. పగటి చూపు బాగున్నది. మెడ కుడివైపు సగమే తిరిగింది. నిత్యం జలుబుకు వేసుకునే మాత్రను అడిగి చూస్తే అది మగత కలిగించేది. కంటి వైద్యుడు శుక్లం మొదలైనదని చెప్పాడు. మెడకు నెల రోజులు తైల చికిత్స చేశాను. మాత్ర మాన్పించాను. రాత్రి ప్రయాణం మానమన్నాను. దానికి ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు మేకల ముసలామె సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకు వైపు తిరిగి, "రాత్రిపూట తోల్ను. పగలు మాత్రం అడగొద్దు" అన్నాడు. కొడుకు కదిరిలో ఒక ఆటో మాట్లాడి పెట్టి వెళ్లాడు.

ఆయన పగలు ఇప్పటికీ స్కూటరు నడుపుతున్నారు. ఆరు నెలలకొకసారి వచ్చి నా ముందు నంబరు పలక చదివి వెళ్తారు. ఆయన చదివిన తరువాత నేను చదువుతాను, ఆయన తప్పులు చూస్తారు. ఉపాధ్యాయుడు గదా!

నా బండి తాళం సాయంత్రం ఆరు గంటలకు మా ఇంటి గోడ మేకుకు చేరుతుంది. పెద్దలైన పాఠకులు ఈ ఆదివారమే పైన చెప్పిన ఏడు పరీక్షలు చేసుకోవాలని కోరుతున్నాను. మీ చూపు మసకబారిన సంగతి రోడ్డు మీద ఎవరో అడగకముందే మీకు తెలియాలి.